బత్షెవాకు ముందు: ఇజ్రాయెల్ ఆధునిక నృత్యంలో తొలి తరం

ఇజ్రాయెల్ సమకాలీన నృత్యం గురించి రాసేవారు చాలామంది కథను 1964లో మొదలుపెడతారు. బత్షెవా ద రోత్‌షీల్డ్ అనే సంపన్న కుటుంబపు మహిళ ఆ ఏడాది టెల్ అవీవ్‌లో తన పేరుతోనే ఒక నృత్య సంస్థను నెలకొల్పారు. అమెరికన్ నర్తకి మార్తా గ్రాహమ్ దానికి కళా సలహాదారుగా నిలిచి, అంతవరకు తన బృందం తప్ప మరెవరూ ఆడని కొన్ని రచనలను దాని చేతిలో పెట్టారు. ఈ లెక్కలో తప్పు లేదు గాని పెద్ద లోటు ఉంది. బత్షెవా సంస్థ తెర లేచేనాటికే ఆ నేల మీద ఆధునిక నృత్యానికి నలభై ఏళ్లు దాటాయి. ఆ నలభై ఏళ్లలో పనిచేసినవారిలో ఎక్కువమంది స్త్రీలు, ఎక్కువమంది వలస వచ్చినవారు. వాళ్ల నృత్యాల్లో ఈరోజు యథాతథంగా చూడగలిగేవి దాదాపు లేవనే చెప్పాలి. వాళ్లు తక్కువవారు కావడం వల్ల ఈ మరుపు రాలేదు. వాళ్లు వెంట తెచ్చుకున్న కళ స్వభావమూ, దానిని తోసిరాజన్న కాలమూ కలిసి ఆ పని చేశాయి.

ఆధునిక నృత్యం ఎక్కడైనా దేన్నో ఒకదాన్ని కాదనడంతోనే మొదలైంది. యూరప్, అమెరికాలలో అది బాలేను, దాని మొనదేలిన బూట్లను, రాజాస్థానాల మర్యాదను కాదంది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడకముందు పాలస్తీనా అని పిలిచిన ఆ నేలకు వలస వచ్చిన యూదులకు కాదనడానికి కూడా ఏమీ లేదు. అక్కడ రాజుగారి నాట్యశాల లేదు, వంశపారంపర్యంగా బాలే నేర్పే గురువులు లేరు, సర్కారు పోషణ అసలే లేదు. 1931లో బ్రిటిష్ పాలకులు జరిపిన జనగణన ప్రకారం మొత్తం జనాభా సుమారు 10 లక్షల 35 వేలు కాగా, అందులో యూదులు సుమారు లక్షా 75 వేలు. అరబ్బుల పెళ్లిళ్లలో దబ్కే అనే బృందనృత్యం ఉండేది, జెరూసలేంలోని హసీదీ యూదులకు భక్తి పారవశ్యంతో కూడిన పురుషుల నృత్యం ఉండేది, యెమెన్ నుంచి వచ్చిన కుటుంబాలకు తమ పాటలూ అడుగులూ ఉండేవి, రష్యా, పోలండ్, రుమేనియాల యువకులు హోరా వలయాన్ని వెంట తెచ్చుకున్నారు. కొత్త సమాజం మాత్రం వీటిలో ఏ ఒక్కదానితోనూ తృప్తి పడక, "హీబ్రూ నృత్యం" ఒకటి కావాలని కోరుకుంది. భాషను తిరిగి వాడుకలోకి తెచ్చినట్టే దేహానికీ ఒక నుడికారం తేవచ్చని ఆ తరం నమ్మింది. ఆ నుడికారం ఎలా ఉండాలో ఎవరికీ తెలియకపోవడమే తొలి కళాకారులకు దొరికిన స్వేచ్ఛ.

ఆ స్వేచ్ఛను అందరికంటే ముందు వాడుకున్నవాడు బరూఖ్ అగదాతి. బెస్సరేబియాలోని బెండెరీ పట్టణంలో 1895లో పుట్టిన ఆయన, 1910లో పాలస్తీనా చేరి జెరూసలేంలోని బెజలేల్ కళాశాలలో చిత్రకళ చదివారు. 1914లో ఊరికి వెళ్లినప్పుడు యుద్ధం మొదలవడంతో అక్కడే చిక్కుకుపోయి, ఒడెస్సాలో బాలే నేర్చుకున్నారు. 1919లో రుస్లాన్ ఓడలో తిరిగి వచ్చి, మరుసటి ఏడాది టెల్ అవీవ్‌లో ఏకవ్యక్తి నృత్య ప్రదర్శన ఇచ్చారు. అప్పటికి ఆ పట్టణం వయసు పదకొండేళ్లు. అగదాతి వేదిక మీద కథలు చెప్పలేదు, మనుషులను చూపించారు. హసీదీ భక్తుడు, యెమెన్ యూదుడు, యాఫా వీధుల్లోని అరబ్బు, ఇలా చుట్టూ కనిపించే మనుషుల నడకనూ చేతి కదలికనూ చిత్రకారుడి కన్నుతో పట్టుకొని, ముక్కలు చేసి, కోణాలుగా మలిచి మళ్లీ అతికారు. అప్పటి యూరప్ చిత్రకళలో సాగుతున్న ప్రయోగాల ఛాయలు ఆ దేహంలో కనిపించాయి. 1920లలో ఆయన యూరప్‌లోనూ ప్రదర్శనలిచ్చారు.

అయినా జనం నోట అగదాతి పేరు నిలిచింది ఈ ప్రయోగాల వల్ల కాదు. ఒహెల్ నాటక బృందం కోసం 1924లో ఆయన హోరాను వేదికకు తగినట్టు కూర్చారు. అది తర్వాత సామాన్యుల నృత్యంగా మారి "హోరా అగదాతి" అనే పేరుతో ఇప్పటికీ ఆడబడుతోంది. పూరీం పండుగకు టెల్ అవీవ్‌లో ఆయన ఏర్పాటు చేసిన వేషాల విందులు ఆ కాలపు నగర జీవితంలో ఒక వింత. 1920ల చివరికే నృత్యం మానుకొని సినిమా వైపు, చిత్రకళ వైపు మళ్లారు. శిష్యులను తయారుచేయలేదు. మొదటివాడైనా ఆయన దారి ఆయనతోనే ఆగిపోవడానికి కారణం ఇదే.

శిష్యులను తయారుచేసే పని మార్గలీత్ ఓర్న్‌స్టీన్ చేతిలో పడింది. వియన్నా నుంచి 1921లో వచ్చిన ఆమె, ఆ మరుసటి ఏడాదే టెల్ అవీవ్‌లో తొలి నృత్య పాఠశాల తెరిచారు. లయను దేహంతో నేర్పే దాల్‌క్రోజ్ పద్ధతి, ఇసడోరా డంకన్ స్వేచ్ఛా చలనం వంటివి ఆ పట్టణపు పిల్లలకు తొలిసారి పరిచయమైనది అక్కడే. ఆమె కవల కూతుళ్లు యెహుదీత్, షోషనా పెద్దయ్యాక జంటగా ప్రదర్శనలిచ్చి, బోధనను కూడా కొనసాగించారు. 1924లో రష్యా నుంచి వచ్చిన రీనా నికోవా బాలే నర్తకి. ఆమె ఒపెరాలో నర్తించి, 1933లో యెమెన్ మూలాలున్న యువతులతో ఒక బృందం కట్టి బైబిల్ కథలను నృత్యంగా మలిచారు. వారికి బాలే నేర్పుతూనే వారి నుంచి పాటలూ అడుగులూ నేర్చుకున్నానని ఆమె భావించారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎంత సమానంగా జరిగిందన్న ప్రశ్నను ఆ కాలం అడగలేదు. అది తర్వాత యెమెన్ మూలాలున్న నృత్యకర్త సారా లెవీ తనాయ్ విషయంలో మరింత పదునుగా తిరిగి వస్తుంది.

1933 తర్వాత పరిస్థితి ఒక్కసారిగా మారింది. జర్మనీలో నాజీలు అధికారానికి రాగానే యూదు కళాకారులకు వేదికలూ పాఠశాలలూ మూసుకుపోయాయి. 1930లలో మధ్య యూరప్ నుంచి వచ్చిన పెద్ద వలసలో వైద్యులు, వాస్తుశిల్పులు, సంగీతకారులతో పాటు మేరీ విగ్మన్, గ్రెట్ పాలుక్కా వంటి జర్మన్ ఆధునిక నృత్య గురువుల దగ్గర శిక్షణ పొందిన యువ నర్తకులూ ఉన్నారు. టిలే రెస్లర్ పాలుక్కా శిష్యురాలు, ఎల్సే దుబ్లోన్ విగ్మన్ బృందంలో ఆడినవారు. జర్మన్ భాషలో ఆస్‌డ్రుక్‌స్టాంజ్ అని పిలిచే ఆ భావవ్యక్తీకరణ నృత్యంలో స్థిరమైన అడుగుల పట్టిక లేదు. బరువు, ఊపిరి, బిగింపు, సడలింపు, చోటుతో దేహానికున్న సంబంధం, వీటి నుంచి ప్రతి నర్తకీ తన భాషను తానే వెలికి తీయాలి. ఆ నృత్యానికి ఆద్యులైన విగ్మన్, రుడోల్ఫ్ లాబన్ ఇద్దరూ 1936 బెర్లిన్ ఒలింపిక్స్ ఉత్సవాల కోసం నాజీ ప్రభుత్వంతో కలిసి పనిచేశారు. లాబన్ పనిని ఆ ప్రభుత్వమే చివరి నిమిషంలో నిషేధించిందన్నది వేరే సంగతి. గురువులు సొంత దేశంలో ఆ కళను పాలకుల ఊరేగింపుకు అప్పజెబుతున్న రోజుల్లో, వెళ్లగొట్టబడిన శిష్యులు మధ్యధరా తీరాన ఒక ఎండ ఊళ్లో దాన్ని స్వేచ్ఛగా ఆడుతున్నారు.

వారందరిలోకీ పెద్ద పేరు గెర్‌ట్రూడ్ క్రాస్. 1901లో వియన్నాలో పుట్టి, సంగీత అకాడమీలో పియానో చదివి, నృత్య తరగతులకు వాయించడం నుంచి నృత్యంలోకి వచ్చారు. 1929లో వియన్నా వీధుల్లో లాబన్ నడిపిన వృత్తి కళాకారుల మహా ఊరేగింపులో ఆయనకు సహాయకురాలిగా పనిచేశారు. మరుసటి ఏడాది మ్యూనిక్‌లో జరిగిన నృత్య మహాసభలో తన బృందంతో యూదు వాడల పాటలపై రచన ప్రదర్శించారు. 1931లో పాలస్తీనాకు ప్రదర్శన యాత్రకు వచ్చినప్పుడు దొరికిన ఆదరణ ఆమెను 1933లో మళ్లీ రప్పించింది. అదే ఏడాది వియన్నాలో మక్సీమ్ గోర్కీ కథ ఆధారంగా ఆమె కూర్చిన "నగరం ఎదురుచూస్తోంది" పెట్టుబడిదారీ నగరం పట్ల భయాన్నీ ఆకర్షణనూ ఏకకాలంలో చూపిన బృందనృత్యం. 1935లో, పేరు ప్రతిష్ఠలు నిలదొక్కుకున్న వయసులో, ఆమె వియన్నా విడిచి టెల్ అవీవ్‌లో స్థిరపడ్డారు. ఆస్ట్రియా నాజీల వశం కావడానికి అప్పటికి ఇంకా మూడేళ్లు ఉంది.

క్రాస్ టెల్ అవీవ్‌లో ఏం చేశారన్నదాన్ని ఒక్క రచన పేరుతో చెప్పడం కుదరదు. పాఠశాల నడిపారు, బృందాన్ని పోషించారు, ఒపెరాకు, నాటక సంస్థలకు నృత్యాలు కూర్చారు, 1936లో పుట్టిన పాలస్తీనా ఆర్కెస్ట్రాతో కలిసి పనిచేశారు. ఆమె తరగతిలో నేర్పేది ఒక వ్యాయామ క్రమం కాదు. పియానో ముందు కూర్చొని వాయిస్తూ విద్యార్థులను అప్పటికప్పుడు కల్పించి ఆడమనేవారు. ఆ పద్ధతిలో ఎదిగినవారు ఒక కదలికను ఎందుకు చేస్తున్నారో తెలిసి చేసేవారు. కానీ రేపు అదే కదలికను అంతే కచ్చితంగా ఇంకొకరి దేహంలో నిలపడం ఆ పద్ధతి వల్ల కాదు. క్రాస్ బలమూ బలహీనతా ఇదే. వేదిక మీద ఆమె ఉన్నంతకాలం ఆ నృత్యం ఉంది. 1950-51లో ఆమె ఆధ్వర్యంలో మొదలైన ఇజ్రాయెల్ బాలే థియేటర్ ఏడాది తిరక్కుండా డబ్బు లేక మూతపడింది. 1954 ప్రాంతంలో వేదిక దిగి, బోధనతో పాటు ఐన్ హోద్ కళాకారుల గ్రామంలో శిల్పాలూ చిత్రాలూ చేసుకుంటూ గడిపారు. 1968లో దేశపు అత్యున్నత గౌరవమైన ఇజ్రాయెల్ పురస్కారం నృత్యానికి మొదటిసారి దక్కినప్పుడు అది ఆమెకే దక్కింది. అప్పటికి ఆమె ఆడిన తీరులో ఆడేవారు దేశంలో దాదాపు ఎవరూ మిగలలేదు.

వియన్నా, డ్రెస్డెన్‌ల నృత్యం అక్కడి నేలకు పరాయిదన్న అనుమానం ఆ వలసకారులకే ఉండేది. దానికి వేరే జవాబు వెతికినవారు యార్దేనా కోహెన్. ఆమె వలస రాలేదు. అనేక తరాలుగా అక్కడే ఉన్న కుటుంబంలో 1910లో పుట్టి, హైఫాలో పెరిగి, యూరప్ వెళ్లి వియన్నాలోనూ డ్రెస్డెన్‌లో పాలుక్కా దగ్గరా చదివి, 1933లో తిరిగి వచ్చారు. యూరప్ పియానో పక్కన పెట్టి, తూర్పు దేశాల యూదు వాద్యకారులను పిలిపించి, వారి డోలు మీద, తంత్రీవాద్యాల మీద నర్తించారు. హాగర్, యెఫ్తా కుమార్తె వంటి బైబిల్ స్త్రీలు ఆమె నృత్యాల్లో ప్రధానపాత్రలు. రెండో రచనలో తండ్రి మొక్కుకు బలికాబోయే ఆడపిల్ల ఉంటుంది, మొదటిదానిలో ఎడారిలోకి గెంటివేయబడిన దాసి. ఆ దాసి, అరబ్బులు తమ మూలపురుషుడిగా భావించే ఇష్మాయేలుకు తల్లి అన్నది ఆనాటి హైఫాలో ఎవరికీ తెలియని విషయం కాదు. 1937లో టెల్ అవీవ్‌లో జరిగిన జాతీయ నృత్య పోటీలో ఆమెకు మొదటి బహుమతి వచ్చింది. చుట్టూ ఉన్న అరబ్బు గ్రామాల పెళ్లి నృత్యాలను, విలాపాలను ఆమె చిన్నప్పటి నుంచి చూసినవారు కాబట్టి, ఆమె నృత్యంలో తూర్పు ఎరువు తెచ్చుకున్న అలంకారంగా కనబడదు. పాలస్తీనా అరబ్బుల కదలిక ఆ దేశపు "హీబ్రూ" నృత్యంలోకి ఎంత ప్రవహించిందో ఒప్పుకోవడానికి మాత్రం చరిత్రకారులకు చాలా కాలం పట్టింది.

నగర వేదికకు సమాంతరంగా కిబ్బుట్జ్‌లలో ఇంకో ప్రయోగం నడిచింది. మతాన్ని పక్కనపెట్టిన ఆ సమష్టి గ్రామాలకు పండుగలు మాత్రం కావాలి. కోత మొదలైన రోజు, తొలి ఫలాల రోజు, గొర్రెల ఉన్ని కత్తిరించే రోజు, వీటికి ఏ క్రతువు చేయాలో పుస్తకాల్లో లేదు. బెర్లిన్‌లో వేరా స్కోరోనెల్ బృందంలో ఆడిన లేయా బెర్గ్‌స్టీన్, బైత్ అల్ఫాలోనూ తర్వాత రమత్ యోహనాన్‌లోనూ పాటల రచయిత మతిత్యాహు షెలెమ్‌తో కలిసి ఆ క్రతువులను కూర్చారు. పొలమే వేదిక, ఊరంతా పాత్రధారులు. కోహెన్ కూడా ఇలాంటి ఉత్సవాలకు పనిచేశారు. లైప్‌జిగ్ నుంచి 1920లో వచ్చిన గురీత్ కద్మాన్ 1944 వేసవిలో దాలియా కిబ్బుట్జ్‌లో తొలి జానపద నృత్యోత్సవం ఏర్పాటు చేశారు. యూరప్‌లో యూదుల సంహారం సాగుతున్న సమయాన నాట్యమాడడం తగునా అన్న అభ్యంతరం వచ్చింది, అయినా ఉత్సవం జరిగింది. ఆశ్చర్యం ఏమిటంటే, జానపదం పేరుతో ఆ రోజు ఆడినవాటిలో కొన్నింటి కర్తలు ప్రేక్షకుల మధ్యే కూర్చొని ఉన్నారు. జనం నుంచి పుట్టే జానపదం కోసం ఎదురుచూసేంత తీరిక ఆ సమాజానికి లేకపోయింది. దాన్ని జర్మన్ ఆధునిక నృత్యంలో తర్ఫీదైన కొద్దిమంది స్త్రీలు పదేళ్ల వ్యవధిలో తయారుచేసి ఇచ్చారు. ఆధునిక నృత్యం నుంచి జానపదం పుట్టిన ఈ తలకిందుల క్రమం మరోచోట అరుదు.

సారా లెవీ తనాయ్ ఈ వరుసలో ఎవరి పక్కనా సరిగా ఇమడరు. యెమెన్ నుంచి వచ్చిన తల్లిదండ్రులకు జెరూసలేంలో పుట్టి, చిన్ననాటే అనాథ అయి, అనాథాశ్రమంలో పెరిగి, శిశు పాఠశాల ఉపాధ్యాయినిగా పనిచేసిన ఆమె ఏ నృత్య పాఠశాలలోనూ చదవలేదు. పాటలు కట్టేవారు. పిల్లల కోసం, కిబ్బుట్జ్ ఉత్సవాల కోసం చిన్న రూపకాలు కూర్చేవారు. 1949-50లో యెమెన్ నుంచి సుమారు 49 వేల మంది యూదులు విమానాల్లో తరలివచ్చిన సమయంలోనే, యెమెన్ మూలాలున్న యువతీయువకులతో ఆమె ఇన్‌బల్ నృత్య నాటక సంస్థను ప్రారంభించారు. మోకాళ్లు కాస్త వంచి నేలకు దగ్గరగా ఉండే స్ప్రింగులాంటి అడుగు, మణికట్టు, వేళ్లలో మెలికలు తిరిగే సున్నితమైన పలుకుబడి, ప్రార్థన చదివే స్వరంలోని ఊగిసలాట, ఇవన్నీ ఆమెకు ఇంటి సొమ్ము. అయితే ఆమె వాటిని ఉన్నవి ఉన్నట్టు వేదికకు ఎక్కించలేదు. ఒక అడుగును విడదీసి, దాని వేగం మార్చి, స్త్రీల కదలికను పురుషుల కదలికతో ఎదురెదురు నిలిపి, కొత్త వాక్యాలు రాశారు. ఏ ఆధునిక నృత్యకర్త చేసే పనైనా ఇదే.

అమెరికన్ నృత్యకర్త జెరోమ్ రాబిన్స్ 1950ల ఆరంభంలో ఇన్‌బల్‌ను చూసి ముగ్ధులయ్యారు. ఆయన సిఫారసు మీదే న్యూయార్క్ నర్తకి అన్నా సోకోలోవ్ 1953లో ఆ బృందానికి శిక్షణ ఇవ్వడానికి వచ్చారు. ఆ దశాబ్దం రెండో భాగంలో ఇన్‌బల్ యూరప్, అమెరికాలలో పర్యటించి, కొత్త దేశపు ముఖంగా పేరు తెచ్చుకుంది. విదేశాల్లో ఇంత మన్నన దొరికినా సొంత దేశంలో విమర్శకులు దాన్ని "జానపద బృందం" అన్న గదిలోనే ఉంచారు. వియన్నా నుంచి వచ్చిన నర్తకి తన బాల్యపు నగరాన్ని వేదిక మీద పెడితే అది వ్యక్తిగత కళ, యెమెన్ ఇంటి అమ్మాయి తన ఇంటి అడుగును తిరగరాస్తే అది సామూహిక వారసత్వం. ఈ తూకంలో ఉన్న అన్యాయాన్ని లెవీ తనాయ్ జీవితాంతం ఎదిరించారు. 1973లో ఇజ్రాయెల్ పురస్కారం అందిన తర్వాత కూడా ఆ గది తలుపులు పూర్తిగా తెరుచుకోలేదు. 2005లో ఆమె కన్నుమూశారు.

సోకోలోవ్ రాకతో మొదలైన గాలి 1956లో మార్తా గ్రాహమ్ బృందం ప్రదర్శనలతో తుఫానైంది. గ్రాహమ్ పద్ధతికి వ్యాకరణం ఉంది. నేల మీద కూర్చొని పొత్తికడుపు నుంచి బిగించి వదలడంతో మొదలై, క్రమంగా నిలబడి, గెంతే దాకా సాగే తరగతి ఉంది. దాన్ని నేర్పవచ్చు, కొలవవచ్చు, ఇంకో దేశంలో మళ్లీ నిలపవచ్చు. క్రాస్ దగ్గర కల్పన నేర్చుకున్న యువతకు ఆ కండబలం, ఆ కచ్చితత్వం కొత్తగా, అసూయ కలిగించేటట్టు కనిపించాయి. సాయం అందించే సంస్థలు, ధనికులు, చదువుకోవడానికి వెళ్లే నగరం, అన్నీ అమెరికా వైపే ఉన్నాయి. జర్మన్ అన్న మాటే నోటికి చేదైన 1950లలో, జర్మన్ భావవ్యక్తీకరణ నృత్యాన్ని వెనకేసుకొచ్చే గొంతు ఎక్కడిది? ఆ శైలిని మోసుకొచ్చినవారు నాజీల బాధితులే అయినా, వారి నృత్యం మీద జర్మన్ ముద్ర మిగిలింది. పదేళ్లలో నగరపు నృత్య తరగతుల తీరు మారిపోయింది, 1964లో బత్షెవా ఆ మార్పుకు రాజముద్ర వేసింది.

తొలి తరపు నృత్యాలు నిలవకపోవడానికి ఇంకో సాదా కారణం కూడా ఉంది. వాటిని చిత్రీకరించింది చాలా తక్కువ, రాసిపెట్టినది అంతకంటే తక్కువ. విచిత్రంగా, ఈ సమస్యకు లోకంలోనే అరుదైన పరిష్కారం ఆ దేశంలోనే పుట్టింది. టిలే రెస్లర్ శిష్యురాలు, తర్వాత ప్రధానమంత్రి అయిన లేవీ ఎష్కోల్ కుమార్తె నోవా ఎష్కోల్, వాస్తుశిల్పి అవ్రహామ్ వాఖ్‌మన్‌తో కలిసి రూపొందించిన చలన లిపిని 1958లో ప్రచురించారు. దేహపు ప్రతి అంగాన్నీ ఒక కీలు చుట్టూ తిరిగే రేఖగా చూసి, ఆ రేఖ గోళం మీద గీసే దారిని అంకెలతో రాసే పద్ధతి అది. సంగీతం, వేషం, భావం వేటినీ పట్టించుకోకుండా, లయమాపకం టిక్కుటిక్కుల మధ్య ఆమె బృందం ఆడేది. గురువుల తరం భావమే సర్వస్వమన్నది, శిష్యురాలు భావాన్ని పూర్తిగా తీసేసి కదలిక ఒక్కదాన్నే ఉంచింది. ఆ లిపి అచ్చయ్యేసరికి క్రాస్ వేదిక దిగి నాలుగేళ్లు.

జర్మన్ పాయ పూర్తిగా ఎండిపోలేదు, ఉత్తరాన గాతోన్ కిబ్బుట్జ్‌లో సన్నగా పారుతూనే ఉంది. అక్కడ నృత్యం నేర్పిన యెహుదీత్ అర్నోన్ 1926లో చెకొస్లొవాకియాలోని కొమార్నోలో పుట్టి, నాజీల ఔష్విట్జ్ మరణ శిబిరం నుంచి బతికి బయటపడినవారు. క్రిస్మస్ వేడుకలో తమ ముందు నర్తించమని నాజీల ఎస్ఎస్ దళపు అధికారులు ఆదేశించినప్పుడు ఆమె నిరాకరించి, శిక్షగా మంచులో చెప్పుల్లేకుండా నిలబడ్డారు. బతికితే జీవితాన్ని నృత్యానికే ఇస్తానని అక్కడే అనుకున్నానని ఆమె తర్వాత చెప్పుకున్నారు. 1970ల ఆరంభంలో ఆమె చేతుల మీదుగా కిబ్బుట్జ్ సమకాలీన నృత్య సంస్థ రూపుదిద్దుకుంది, 1998లో ఆమెకూ ఇజ్రాయెల్ పురస్కారం వచ్చింది.

యార్దేనా కోహెన్ హైఫాలో తన పాఠశాలలో దశాబ్దాల తరబడి పిల్లలకు నేర్పుతూనే ఉన్నారు. డోలు వాయించినవారూ, పోటీలో తనతో పాటు ఆడినవారూ, ఆ పోటీని చూసిన ప్రేక్షకులూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఇజ్రాయెల్ పురస్కారం ఆమెకు 2010లో ప్రకటించారు. క్రాస్‌కు అది అందిన 42 ఏళ్ల తర్వాత, 1937 బహుమతి జరిగిన 73 ఏళ్ల తర్వాత, ఆమె నూరో ఏట. మరో రెండేళ్లకు ఆమె మరణించారు.